విదేశాల్లో పరువు లెక్క: సమస్యల సినిమాతో నిజంగా పోయేదెంత?

ప్రశ్న ఇది: కులం, పేదరికం, బాల్యవివాహాలు, ఆడవాళ్ల మీద దాడులు లాంటి విషయాల మీద తీసిన సినిమాలు పరాయి దేశాల్లో ఆడితే భారతదేశం పరువు పోతుందా? పోయేటట్టయితే అలాంటివాటిని బయటికి వెళ్లకుండా ఆపాలా?

కొంత పోతుంది, అబద్ధం ఎందుకు. కానీ టీవీ చర్చల్లో అరిచేంత కాదు. ఆపబోతే మాత్రం పోయేది రెట్టింపవుతుంది. అరవై, డెబ్భై ఏళ్ల దాఖలాలు చూస్తే ఈ రెండూ తేలిపోతాయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఆ నష్టం ఎక్కువసార్లు కథ వల్ల రాదు, తీసినవాళ్ల నిర్లక్ష్యం వల్ల వస్తుంది. ఏళ్లనాటి గణాంకం, తేదీ లేని షాటు, అడ్డదిడ్డమైన సబ్‌టైటిల్, అనుమతి లేకుండా చూపించిన ముఖం. వీటి గురించి చివర్లో వివరంగా రాస్తాను, ఎందుకంటే చేతిలో ఉన్నది అదొక్కటే.

ముందు పరువు అనే మాటను విప్పుకోవాలి. అది ఒక్క ముద్ద కాదు. మనదేశానికి వచ్చే సందర్శకులు ఒక లెక్క, వచ్చే పెట్టుబడి ఒక లెక్క, బయట బతుకుతున్న మనవాళ్లని అక్కడివాళ్లు చూసే తీరు ఇంకో లెక్క. మూడూ ఒకేలా కదలవు.

సందర్శకుల లెక్క తేలిక. ముంబై మురికివాడ కథతో బ్రిటిష్ నిర్మాతలు తీసిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కి 2009 ఫిబ్రవరిలో 8 ఆస్కార్లు వచ్చాయి. ప్రపంచమంతా కలిపి 37 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. మన పేదరికాన్ని చూపిస్తూ అంతమంది విదేశీయులకు చేరిన సినిమాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సినిమా చూసి జడుసుకుని జనం రావడం మానేసేదైతే ఆ ఏడాదే మానేయాలి. 2008లో మనదేశానికి 52.8 లక్షల మంది విదేశీ పర్యాటకులు వచ్చారు, 2009లో 51.7 లక్షల మంది. రెండు శాతం తగ్గింది. అయితే 2008 నవంబర్‌లో ముంబై మీద ఉగ్రదాడి జరిగింది, పైన ప్రపంచ ఆర్థిక మాంద్యం ఉంది. 2009లో ప్రపంచ పర్యాటకమే నాలుగు శాతం దాకా పడిపోయింది. అంటే మనం నష్టపోయింది ప్రపంచ సగటు కన్నా తక్కువే. 2010కల్లా లెక్క 57.8 లక్షలకి ఎక్కింది.

ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత కూడా ఇలాగే. 2012 డిసెంబర్‌లో ఆ వార్త ప్రపంచమంతా మొదటి పేజీల్లో వచ్చింది. 2012లో 65.8 లక్షలు, 2013లో 69.7 లక్షలు, 2014లో 76.8 లక్షలు, ఆ ఘటన మీద తీసిన డాక్యుమెంటరీ గొడవ జరిగిన 2015లో 80.3 లక్షలు. భయపడి ప్రయాణం రద్దు చేసుకున్న ఆడవాళ్లు లేరని కాదు. మొత్తం లెక్కలో ఆ గీత కనబడదు, అంతే.

పక్కన ఒక మాట. 'స్లమ్‌డాగ్'కి మూలమైన నవల రాసిన వికాస్ స్వరూప్ భారత విదేశాంగ శాఖ అధికారి. పదవిలో ఉండగానే రాశారు. 2015లో అదే శాఖకి అధికార ప్రతినిధి అయ్యారు. బయట దేశం పరువు చూసుకునే కుర్చీలో ఆయన్నే కూర్చోబెట్టారన్నమాట. ఈ సంగతి తెలిశాక ఆ సినిమాని విదేశీ కుట్ర అనడం కాస్త కష్టం.

పెట్టుబడి సంగతికి మన దగ్గరి ఉదాహరణే చాలు. 1974లో శ్యామ్ బెనగళ్ 'అంకుర్' బెర్లిన్ చిత్రోత్సవానికి వెళ్లింది. 1976లో 'నిశాంత్' కాన్‌కి వెళ్లింది. రెండూ తెలంగాణ పల్లెల్లో దొరల పెత్తనం మీద తీసినవే. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' చెకోస్లొవేకియాలోని కార్లోవీ వారీ చిత్రోత్సవంలో ఆడింది. బి. నర్సింగరావు 'దాసి', గడీలో, అంటే దొర కోటలో, పనిమనిషి బతుకు, 1989లో మాస్కోకి వెళ్లింది. అంటే పదిహేనేళ్ల పాటు ఐరోపా పెద్ద చిత్రోత్సవాల్లో తెలంగాణ అంటే గడీ, వెట్టి, ఆకలి. అదే హైదరాబాద్‌లో 1998లో మైక్రోసాఫ్ట్ తన డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది, ఆ నవంబర్‌లోనే సైబర్ టవర్స్ తెరిచారు. పెట్టుబడి పెట్టేవాడు చూసేది కరెంటు, భూమి, ఇంజినీర్లు, పన్ను. 'నిశాంత్' చూశాడా లేదా అన్నది ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు.

మూడోది అసలైనది, బయట మనవాళ్లని చూసే తీరు. ఇక్కడ నష్టం నిజంగానే ఉంది. 2015 మార్చిలో జర్మనీలో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఒకరు ఇంటర్న్‌షిప్ అడిగిన భారతీయ విద్యార్థికి, మీ దేశంలో అత్యాచారాల సమస్య ఉంది కాబట్టి మగ విద్యార్థుల్ని తీసుకోను అన్న అర్థంలో జవాబిచ్చారు. ఆ మెయిల్ బయటపడి పెద్ద గొడవైంది. ఇలాంటివాటిని కొట్టిపారేయకూడదు. హాస్టల్ గది దొరక్కపోవడం, ఆఫీసు లంచ్ దగ్గర వంకర ప్రశ్న, ఇవన్నీ ఈ ఖాతాలోవే.

కానీ తర్వాత ఏం జరిగిందో చూడండి. అప్పుడు ఢిల్లీలో ఉన్న జర్మన్ రాయబారి మిఖాయెల్ స్టైనర్ ఆ ప్రొఫెసర్‌కి బహిరంగ లేఖ రాశారు. భారతదేశం అత్యాచారుల దేశం కాదన్నారు. నిర్భయ తర్వాత ఆ దేశంలో జరిగినంత నిజాయితీ గల బహిరంగ చర్చ చాలా దేశాల్లో సాధ్యం కాదని గుర్తుచేశారు. ప్రొఫెసర్ క్షమాపణ చెప్పారు. రాయబారి చేతిలో వాదనకి పనికొచ్చిన సరుకేమిటి? మన తాజ్‌మహల్ కాదు, మన యోగా కాదు. జనం రోడ్డు మీదకి రావడం, జస్టిస్ వర్మ కమిటీ 29 రోజుల్లో నివేదిక ఇవ్వడం, 2013లో చట్టం మారడం లాంటివే. సమస్యని దాచుకున్న దేశం తరఫున అలాంటి ఉత్తరం రాయడం ఏ రాయబారికీ సాధ్యం కాదు.

ఇక ఆపడం సంగతి. అదే నెల 'ఇండియాస్ డాటర్' గొడవ. బ్రిటిష్ దర్శకురాలు లెస్లీ ఉడ్విన్ నిర్భయ కేసు మీద తీసిన డాక్యుమెంటరీ అది, తీహార్ జైల్లో దోషితో మాట్లాడిన భాగం అందులో ఉంది. ఢిల్లీ కోర్టు ప్రసారం ఆపింది. అప్పటి పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి వెంకయ్య నాయుడు దాన్ని దేశం పరువు తీసే అంతర్జాతీయ కుట్ర అన్నారు. ఫలితం? మార్చి 8న వేయాల్సిన దాన్ని బీబీసీ 4వ తేదీ రాత్రే వేసేసింది. యూట్యూబ్‌లో ఒక కాపీ తీస్తే ఇంకొకటి పైకి వచ్చింది. మనదేశంలో దాన్ని వేయాల్సిన ఎన్డీటీవీ మార్చి 8 రాత్రి ఆ గంటసేపూ తెర మీద వెలుగుతున్న దీపాన్ని, సినిమా పేరుని మాత్రం చూపించింది. మామూలుగా ఏ అర్ధరాత్రి స్లాటులోనో కొద్దిమంది చూసి మరిచిపోయే గంట డాక్యుమెంటరీకి, ఏ నిర్మాతా డబ్బు పెట్టి కొనలేనంత ప్రచారం దొరికింది. విదేశీ పత్రికల్లో శీర్షిక కూడా మారిపోయింది. అంతకుముందు 'భారత్‌లో అత్యాచారం', ఆ తర్వాత 'అత్యాచారం గురించిన సినిమాని నిషేధించిన భారత్'. రెండోది ఒక నేరం గురించి కాదు, రాజ్యం గురించి. అసలు నష్టం అదే.

ఆ సినిమా మీద న్యాయమైన అభ్యంతరాలు లేవని కాదు. దోషుల అప్పీలు అప్పటికి సుప్రీంకోర్టులో ఉంది, తుది తీర్పు 2017 మే దాకా రాలేదు. అప్పీలు నడుస్తుండగా దోషి మాటల్ని టీవీలో వినిపించవచ్చా, జైల్లో షూటింగ్‌కి ఇచ్చిన అనుమతి షరతులు పాటించారా, ఈ రెండూ గట్టి ప్రశ్నలే. కోర్టులో నిలబడేవి కూడా. వాటిని పక్కనబెట్టి పరువు అనే జెండా ఎత్తడంతో ఆ గట్టి ప్రశ్నలు వినబడకుండా పోయాయి.

ఇది మొదటిసారీ కాదు. 1970లో ఫ్రెంచ్ దర్శకుడు లూయీ మాల్ భారతదేశం మీద తీసిన ఏడు భాగాల డాక్యుమెంటరీని బీబీసీ వేస్తుంటే, ఆపమని మన ప్రభుత్వం అడిగింది. వాళ్లు ఆపలేదు. మనవాళ్లు బీబీసీ ఢిల్లీ ఆఫీసుని మూయించారు. కార్యాలయం తర్వాత తెరుచుకుంది, ఆ డాక్యుమెంటరీ మాత్రం ఇప్పటికీ సినిమా పాఠాల్లో ఉంది. 2024లో సంధ్యా సూరి హిందీలో తీసిన 'సంతోష్' బ్రిటన్ తరఫున ఆస్కార్‌కి వెళ్లింది, ఇక్కడ సెన్సార్ దగ్గర ఆగిపోయింది. కథలో పోలీసు వ్యవస్థ మీద, కులం మీద విమర్శ ఉంది. బయటివాళ్లంతా చూశారు, చూడాల్సిన మనవాళ్లే చూడలేదు. పరువు వాదం కోరుకున్నదానికి ఇది సరిగ్గా తలకిందులు.

ఈ జబ్బు మనదొక్కటే అనుకోనక్కర్లేదు. 1955లో అమెరికన్ స్కూళ్లలో కుర్రాళ్ల హింస మీద హాలీవుడ్ తీసిన సినిమాని వెనిస్ చిత్రోత్సవం నుంచి తీయించింది ఇటలీలోని అమెరికా రాయబారే. ఇటలీలో 1949 చట్టం దేశాన్ని చిన్నబుచ్చే సినిమాకి ఎగుమతి అనుమతి నిరాకరించే వీలిచ్చింది. అక్కడి ప్రభుత్వంలో సినిమా వ్యవహారాలు చూసిన ఆండ్రియోట్టి, పింఛనుతో బతకలేని ముసలాయన కథ తీసినందుకు దర్శకుడు డి సికాని 1952లో బహిరంగంగా తప్పుపట్టారు. ఇరాన్‌లో అయితే ఈ ఆరోపణకి ఏకంగా ఒక పేరే ఉంది, 'సియాహ్‌నమాయీ', అంటే అంతా నల్లగా చూపించడం. ఇప్పుడు యుద్ధం తర్వాతి ఇటలీ సినిమా అనగానే ప్రపంచం గౌరవంగా తలుచుకునేది సరిగ్గా ఆ పేద వీధుల సినిమాలనే.

మన దగ్గర ఈ గొడవకి మూలపురుషుడు సత్యజిత్ రే. 'పథేర్ పాంచాలి'కి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చింది. పేరులో దారి ఉంది కాబట్టి రోడ్ల పద్దులో రాశారని చెప్పుకుంటారు. 1956లో కాన్‌లో ఉత్తమ మానవ పత్రం అన్న బహుమతి వచ్చింది. పాతికేళ్ల తర్వాత, 1980లో, రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నర్గీస్ దత్ ఆయన పేదరికాన్ని విదేశాలకి ఎగుమతి చేస్తున్నారన్నారు. మరి చూపించాల్సిన ఆధునిక భారతం ఏమిటని విలేఖరి అడిగితే ఆనకట్టలు అన్నారు.

ఆవిడ నటించిన 'మదర్ ఇండియా' ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన మన మొదటి సినిమా. అది కాలువ ప్రారంభోత్సవంతోనే మొదలవుతుంది, నిజమే. మధ్యలో ఉన్నదంతా వడ్డీవ్యాపారి, వరద, ఆకలితో చచ్చిపోయే పిల్లలు. చివర ఆ కాలువ నీళ్లు ఎర్రబడతాయి. రెండు సినిమాల్లోనూ ఉన్నది పల్లె పేదరికమే. తేడా ఎక్కడుందంటే, ఒకదాంట్లో పాటలున్నాయి, త్యాగం ఉంది, చివర్లో కాలువ ఉంది. రెండోదాంట్లో ఏ ఓదార్పూ లేదు. విదేశీ ప్రేక్షకుడికి ఏది మనమీద గౌరవం పెంచిందన్నది చెప్పడం కష్టమేమీ కాదు. న్యూయార్క్‌లో 'పథేర్ పాంచాలి' నెలల తరబడి ఆడింది.

ఆ 'మదర్ ఇండియా' పేరుకీ చరిత్ర ఉంది. 1927లో కేథరిన్ మేయో అనే అమెరికన్ అదే పేరుతో పుస్తకం రాసింది. బాల్యవివాహాలు, అంటరానితనం, అపరిశుభ్రత చూపించి భారతీయులు స్వరాజ్యానికి తగరని చెప్పే పుస్తకం అది. గాంధీజీ దాన్ని మురుగుకాలువ ఇన్స్పెక్టర్ నివేదిక అన్నారు. అందరికీ తెలిసింది అంతవరకే. అదే వ్యాసంలో ఆయన ఇంకోమాట కూడా రాశారు. ఈ పుస్తకాన్ని ప్రతి భారతీయుడూ చదివితే మేలు, ఆమె ఆరోపణ తీరుని ఖండించినా అందులోని సారాన్ని కాదనలేం అని. రెండేళ్లలో, 1929లో, ఆడపిల్లలకి 14, మగపిల్లలకి 18 ఏళ్లు నిర్ణయిస్తూ శారదా చట్టం వచ్చింది. ఇలాంటి సినిమా దేన్నయినా చూసేటప్పుడు గాంధీజీ పెట్టిన రెండు అరలూ పనికొస్తాయి: చెప్పినవాడి ఉద్దేశం ఒక అర, చెప్పింది నిజమా కాదా అన్నది ఇంకో అర. మన చర్చలు మొదటి అర దగ్గరే ఆగిపోతాయి.

చట్టం ఏం చెబుతుందో కూడా చూద్దాం, ఎందుకంటే 'దేశ ప్రతిష్ఠ దెబ్బతింటుంది కాబట్టి నిషేధించాలి' అని పిటిషన్ వేసేవాళ్లు తరచూ అక్కడే బోల్తాపడతారు. భావప్రకటనకి పరిమితులు పెట్టడానికి రాజ్యాంగం 19(2)లో ఉన్న కారణాలివి: సార్వభౌమత్వం, సమగ్రత, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, ప్రజాశాంతి, మర్యాద లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువునష్టం, నేరానికి ప్రేరేపణ. దేశం ఇమేజ్ అన్న మాట ఇందులో ఎక్కడా లేదు. విదేశాలతో స్నేహ సంబంధాలు అంటే ఆ దేశాన్ని రెచ్చగొట్టడం, మన మురికి వాళ్లకి కనబడటం కాదు. పరువునష్టం అన్నది వ్యక్తులకి, సంస్థలకి సంబంధించినది. సినిమాటోగ్రాఫ్ చట్టంలోని 5బి కూడా ఈ కారణాల చుట్టూనే తిరుగుతుంది.

తీర్పులు రెండు గుర్తుంచుకుంటే చాలు. నాలుగు నగరాల్లో కలవాళ్ల, లేనివాళ్ల తేడా చూపిస్తూ కె.ఎ. అబ్బాస్ 16 నిమిషాల డాక్యుమెంటరీ తీస్తే, బొంబాయి వేశ్యావాటిక దృశ్యాల మీద సెన్సార్ పేచీ పెట్టింది. ఆ కేసులో 1970లో సుప్రీంకోర్టు ముందస్తు సెన్సార్‌ని సమర్థిస్తూనే, సామాజిక వాస్తవాన్ని కళగా చూపడానికీ అశ్లీలానికీ తేడా చూడాలంది. రెండోది 1996 నాటి 'బాండిట్ క్వీన్' తీర్పు. సాంఘిక దురాచారం ఫలితాన్ని చూపాలంటే ఆ దురాచారాన్ని చూపించక తప్పదని అందులో స్పష్టంగా ఉంది. సెన్సార్ కమిటీ ముందు వాదించాల్సి వచ్చినవాళ్లు ఈ వాక్యం ఉన్న పేరా జిరాక్స్ తీసి దరఖాస్తుకి జతచేయడం మంచిది. సన్నివేశం వారీగా 'ఈ షాట్ ఫలితం చూపడానికి ఎందుకు అవసరం' అని ఒక్కో వాక్యం రాసి పెడితే ఇంకా మంచిది.

విదేశీ బృందాలు ఇక్కడ తీయాలంటే ముందే అనుమతి ఉంటుంది. కథాచిత్రమైతే సమాచార ప్రసార శాఖ కింద ఇండియా సినీ హబ్ ద్వారా, పూర్తి స్క్రిప్టుతో. డాక్యుమెంటరీ అయితే విదేశాంగ శాఖ ద్వారా. సిబ్బందికి ఫిల్మ్ వీసా. అంటే మనకి తెలియకుండా వచ్చి తీసుకుపోతారన్న భయం చాలావరకు ఉత్తిది. పైగా విదేశీ చిత్రాలు ఇక్కడ పెట్టే ఖర్చులో 40 శాతం, గరిష్ఠంగా 30 కోట్ల దాకా వెనక్కిస్తామని ప్రభుత్వమే 2023లో ప్రకటించింది. అనుమతి ఉన్నా పని జరగదని కూడా చరిత్ర చెబుతుంది. కాశీలో వితంతువుల మీద దీపా మెహతా తీయబోయిన 'వాటర్'కి కేంద్రం స్క్రిప్టు చూసి అనుమతిచ్చింది. 2000లో గుంపు వచ్చి సెట్లని గంగలో పడేసింది. ఆవిడ తర్వాత శ్రీలంకలో తీశారు, కెనడా తరఫున ఆస్కార్ నామినేషన్ వచ్చింది. కాశీ కథ, ఎక్కువమంది భారతీయ నటులు, హిందీ మాటలు, పేరు మాత్రం కెనడాది.

ఇంకోవైపు చూస్తే, సమస్యల సినిమా పరువు పెంచిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఆడపిల్లని తక్కువచేసే ఊళ్లో కూతుళ్లని కుస్తీలో దించిన తండ్రి కథ 'దంగల్' 2017లో చైనాలో 1,200 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది. మరుసటి ఏడాది తండ్రి కొట్టే ఇంట్లో పాడాలని తపించే పిల్ల కథ కూడా అక్కడ బాగా ఆడింది. ఆ ఏడాదే చైనా వాళ్లే తమ దేశంలో క్యాన్సర్ మందుల ధరల మీద సినిమా తీశారు. అందులో రోగులు చావు తప్పించుకునేది భారతదేశం నుంచి దొంగచాటుగా తెచ్చిన జెనెరిక్ మందుతో. చైనా ప్రధాని లీ కెచియాంగ్ ఆ సినిమాని ప్రస్తావించి మందుల ధరలు త్వరగా తగ్గించమన్నారు. చైనా తన పుండు తను చూపించుకుంటే, మనకి చవక మందుల దేశమన్న పేరు వచ్చింది. అలాంటి క్యాన్సర్ జెనెరిక్ తయారుచేసేవాళ్లలో హైదరాబాద్ నాట్కో కూడా ఉంది. దక్షిణ కొరియా కూడా అంతే. సియోల్ నేలమాళిగ ఇళ్లలో పేదల బతుకు చూపించిన 'పారసైట్'కి 2020లో నాలుగు ఆస్కార్లు వచ్చాక, ఆ నగరం సిగ్గుపడలేదు, షూటింగ్ చేసిన వీధులకి పర్యాటక దారి గీసింది. పాకిస్తాన్‌లో పరువు హత్య మీద తీసిన డాక్యుమెంటరీని 2016 ఫిబ్రవరిలో ప్రధాని నవాజ్ షరీఫ్ తన కార్యాలయంలోనే ప్రదర్శింపజేశారు. హంతకుణ్ణి కుటుంబం క్షమిస్తే శిక్ష తప్పే లొసుగుని కట్టడి చేస్తూ అక్టోబర్‌లో చట్టం వచ్చింది.

ఇప్పుడు నాణేనికి రెండోవైపు. పరువు వాదులు చెప్పేదాంట్లో ఒక ముక్క మాత్రం గట్టిది. విదేశీ చిత్రోత్సవాల్లో మన సినిమా ఎంపికలో ఒక వాలు ఉంది. పేద దేశాల సినిమాకి డబ్బిచ్చే ఐరోపా నిధులకీ, ఎంపిక చేసేవాళ్లకీ ఏ దేశం నుంచి ఏ రకం కథ రావాలన్న ఊహ ముందే ఉంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో విడాకుల కథ కన్నా పల్లెలో ఆకలి కథ వాళ్లకి త్వరగా 'భారతీయం'గా కనబడుతుంది. ఏటా మన దగ్గర్నుంచి రెండో మూడో సినిమాలు మాత్రమే అక్కడికి చేరితే, ఆ రెండూ మూడూ ఒకే రంగువైతే, చూసేవాడికి దేశమంతా ఆ రంగే. దీనికి మందు ఆ రెండిటినీ ఆపడం కాదు, పక్కన ఇంకో పది పంపడం. 'నాటు నాటు'కి 2023లో ఆస్కార్ వచ్చినప్పుడు 'ఇండియా అంటే ఇదీ ఉంది' అని తెలిసింది. ఆ పాట ఉన్న సినిమా మన అధికారిక ఎంట్రీగా కూడా వెళ్లలేదు.

ఇక తీసేవాళ్ల పని. బయటి ప్రేక్షకుడికి చేరే సమస్యల సినిమాలో తప్పులు దాదాపు ఎప్పుడూ ఈ చోట్లే జరుగుతాయి.

గణాంకం. చివరి కార్డు మీద 'భారతదేశంలో దాదాపు సగం మంది ఆడపిల్లలకి 18 ఏళ్ల లోపే పెళ్లి' అని వేసేస్తారు. అది 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటి మాట, 20–24 ఏళ్ల స్త్రీలలో 47.4 శాతం. 2015–16లో 26.8, 2019–21లో 23.3. పాత అంకె వేస్తే సమస్యని రెండింతలు చేసి చూపించినట్టు. ఎవరైనా పట్టుకుంటే సినిమా అంతా అబద్ధమైపోతుంది. అలాగని దేశ సగటు వేసి ఊరుకోవడమూ తప్పే. కథ ఆంధ్రప్రదేశ్‌లో జరిగితే అక్కడ 29.3 శాతం, దేశ సగటు కన్నా ఎక్కువ. తెలంగాణలో 23.5. కార్డు మీద నాలుగు ఉండాలి: అంకె, ఎవరిలో, ఏ రాష్ట్రం, ఏ ఏడాది. 'ఇప్పటికీ' అన్న మాట ఏడాది లేకుండా వాడకూడదు. ఆ అంకె తగ్గుతూ వచ్చిందన్న సంగతి ఒక్క లైన్లో చెబితే సినిమా పదును తగ్గదు, నమ్మకం పెరుగుతుంది.

సబ్‌టైటిల్. లైనుకి 42 అక్షరాలు, రెండు లైన్లు, తెర మీద గరిష్ఠంగా ఏడు సెకన్లు. ఆ ఇరుకులో మన సమాజం మొత్తం పట్టాలి. గడీ ముందు నిలబడినవాడు 'నీ బాంచన్ దొరా' అంటాడు. కింద 'ఎస్ సర్' అని వేస్తే వాడు ఆఫీసు గుమస్తా అయిపోతాడు, వందేళ్ల వెట్టి మాయమవుతుంది. 'ఐ యామ్ యువర్ స్లేవ్' అని వేస్తే ఇంకా ఘోరం. అలవాటుగా నోటికొచ్చే వంగిన మాట కాస్తా వాడు ఒప్పుకుని సంతకం పెట్టిన ప్రకటన అవుతుంది. 'దొర' అన్న మాటని అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు పక్క పాత్ర నోట భూమి, పెత్తనం తెలిసే మాట పడేటట్టు చూసుకుంటే, ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చినా ప్రేక్షకుడికి అందుతుంది. 'జోగిని'కి నేరుగా వేశ్య అన్న ఇంగ్లీషు మాట వేయడం రెండో పెద్ద తప్పు. దేవతకి అంకితమిచ్చే ఆచారం, దాన్ని నిషేధించిన 1988 ఆంధ్రప్రదేశ్ చట్టం, అందులో కులం పాత్ర, మూడూ ఒక్క దెబ్బకి పోతాయి. మిగిలేది 'ఇండియాలో గుళ్లో వ్యభిచారం' అన్న శీర్షిక. మాటలు రాసినవాళ్లనే సబ్‌టైటిల్ దగ్గర కూర్చోబెట్టండి. ఎడిటింగ్ అయ్యాక రెండు రోజుల్లో బయట ఏజెన్సీకి ఇచ్చి తెప్పించుకునే పని కాదు ఇది.

సమస్యతో పోరాడే స్థానికులు లేకపోవడం. అంగన్వాడీ టీచర్, కేసు వాదించిన తాలూకా లాయరు, ధర్నా చేసిన సంఘం, వీళ్లు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వీళ్లని కోసేసి విదేశీ స్వచ్ఛంద సంస్థ ప్రతినిధినో, వ్యాఖ్యాతనో పెడితే అప్పుడు నిజంగా మన ముఖం చిన్నబోతుంది, అదీ అబద్ధంగా.

ముఖాలు, పేర్లు. లైంగిక నేరం బాధితురాలి గుర్తింపు బయటపెడితే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. 18 ఏళ్లు నిండిన ఆవిడైతే ఆమె స్వయంగా రాసిచ్చిన అనుమతి కావాలి. మైనర్ అయితే తల్లిదండ్రుల సంతకం సరిపోదు. పిల్లల మీద లైంగిక నేరాల చట్టం పోక్సో 23వ సెక్షన్ ప్రకారం ప్రత్యేక కోర్టు మాత్రమే, అదీ పిల్లల మేలు కోసమైతేనే, అనుమతివ్వగలదు. బాల నేరస్థులు, సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ఉంది. ముఖం మసకబెట్టి ఊరిపేరు, స్కూలు యూనిఫాం వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. ఊళ్లో ఎవరికైనా అది చాలు పట్టేయడానికి.

అనుమతి పత్రం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, వినిపిస్తున్నప్పుడు కెమెరా నడవాలి. ఒకే సంతకంతో అన్నీ లాగేసుకోకండి. ముఖం, గొంతు, ఊరిపేరు, చిత్రోత్సవం, టీవీ, ఓటీటీ, ఫోన్లలో తిరిగే చిన్న క్లిప్పులు, ఒక్కోదానికి విడిగా అవును, కాదు అన్న గళ్లు. ఎడిటింగ్ ఖరారయ్యే తేదీ రాసి, అంతకుముందు వెనక్కి తీసుకోవచ్చని చెప్పాలి. షూటింగ్ రోజుల్లో పోయిన కూలి ఇవ్వడం తప్పు కాదు, మాటకి డబ్బివ్వడం తప్పు. సినిమాకి లాభాలొస్తే ఏం చేయాలన్నది ముందే రాసుకోవాలి. బొంబాయి వీధి పిల్లల మీద మీరా నాయర్ 1988లో తీసిన సినిమా నుంచి పుట్టిన సలామ్ బాలక్ ట్రస్టు ఇప్పటికీ పిల్లలకి ఆశ్రయమిస్తోంది.

చివరి కట్ తయారయ్యాక మొదటి ప్రదర్శన బెర్లిన్‌లో కాకుండా ఆ ఊళ్లో వేయండి. రామాలయం ముందు తెల్లదుప్పటి, అద్దె ప్రొజెక్టరు, ఒక స్పీకరు చాలు. దళితవాడ వాళ్లు అక్కడికి రారనిపిస్తే వాళ్ల వాడలో విడిగా ఇంకో ఆట వేయండి. ఎక్కడ నవ్వుతున్నారో, ఎక్కడ లేచిపోతున్నారో రాసుకోండి. 'మా ఊళ్లో ఇది జరగలేదు' అన్నవాళ్లు ఏ సీన్ దగ్గర అన్నారో ప్రత్యేకంగా రాసుకోండి, ఎందుకంటే అందులో సగం అబద్ధాన్ని పట్టుకున్నవి, సగం నిజాన్ని మోయలేనివి. మొదటి రకాన్ని కత్తిరించాలి. రెండో రకానికి పక్కా ఆధారం, ఎఫ్ఐఆర్ నకలో, పంచాయతీ తీర్మానమో, ఫైల్లో పెట్టుకున్నాకే చిత్రోత్సవానికి కాపీ పంపాలి.